కోట ముందా, స్తూపం ముందా

మా బావ విజయనగరంలో ముప్పై మూడేళ్ళు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. అప్పట్నించీ రెండు మూడు నెలలకోసారి ఒక బస్సు మాట్లాడి, పొద్దున్న నడకకొచ్చే స్నేహితుల్నీ వాళ్ళ ఇళ్ళలోవాళ్ళనీ పోగుచేసి కోటలూ పాత ఇళ్ళూ చూపించి తీసుకొస్తుంటాడు. ఖర్చు తలా కాస్త వేసుకుంటారు. పులిహోర, పెరుగన్నం ఎవరిళ్ళ నుంచి వాళ్ళే తెచ్చుకుంటారు. ఈ శీతాకాలానికి మూడు ప్రయాణాలు అనుకున్నాడు. ఒకటి విజయనగరం ఊళ్ళోనే, ఒకటి బొబ్బిలి, ఒకటి మందస. నన్ను కూడా రమ్మన్నాడు. ఊరికే రావడం కాదు, బస్సులో నాలుగు మాటలు చెప్పాలన్నాడు. నేను రానన్నాను. పెద్దచెరువు గట్టు మీద మొదలైన ఆ వాదన వాళ్ళింటి అరుగు మీద రాత్రి దాకా నడిచింది. అక్క రెండుసార్లు భోజనానికి పిలిచి, మూడోసారి తనే వచ్చి గడప మీద కూర్చుంది. గుర్తున్న వరసలో రాస్తున్నాను.

బావ: రానంటే సరిపోదోయ్. ఎందుకో చెప్పాలి. మోకాళ్ళ నొప్పులా?

నేను: కాళ్ళకేటి, బాగానే ఉన్నాయి బావా. మనసే ఒప్పుకోవట్లేదు. మా తాత సంగతి నీకు తెలుసు కదా. జమీందారీ ఊళ్ళో రైతు. దివాణం ముందు నుంచి పోవాల్సొస్తే చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవాడట. వానొస్తున్నా గొడుగు ముడిచేవాడట. శిస్తు కట్టలేని ఏడు ఎద్దుల జతని తోలుకుపోతే, ఆ ఏడు నాగలి కాడి కింద ఆయనా ఆయన తమ్ముడూ మెడలు పెట్టారు. ఆయన మనవణ్ణి నేను. ఇప్పుడు డబ్బులిచ్చుకుని బస్సెక్కి, అలాంటి ఇంటి గోడ ఎంత ఎత్తో, అద్దం ఏ దేశం నుంచి తెప్పించారో చూసి మెచ్చుకుని రావాలా?

బావ: మెచ్చుకోమని ఎవరన్నారు? చూడమన్నాను. మీ తాత చెప్పులు విప్పిన చోట నువ్వు చెప్పులేసుకుని నడుస్తున్నావు, అది తక్కువా? ఒకరోజు పొద్దున్న తొమ్మిదింటికి మా కోట నగారాఖానా దగ్గర నిలబడు. నెల్లిమర్ల నుంచి, గుర్ల నుంచి, గజపతినగరం నుంచి ఎంతమంది ఆడపిల్లలు పుస్తకాల సంచులు తగిలించుకుని లోపలికి పోతారో లెక్కపెట్టు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. పదేళ్ళకి, 1958లో, పి.వి.జి. రాజుగారు మాన్సాస్ ట్రస్టు పెట్టారు. కోట చదువులకి పోయింది. కోరుకొండ ప్యాలెస్‌లో 1962లో సైనిక్ స్కూలు పెట్టారు. మీ తాత తలొంచుకున్నలాంటి గోడల మధ్యే ఆయన మునిమనవరాలు డిగ్రీ చదివింది. అది నీ కూతురే.

నేను: అది చదువుకోడానికి వెళ్ళింది. దానికి కావలసింది క్లాసు గది, గోడ కాదు. నువ్వు నలభై మందిని తీసుకెళ్ళేది గోడ కోసం. అక్కడ నిలబడి నువ్వేం చెప్తావో నాకు నోటికొచ్చు. 1713, విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమనే మంగళవారం, కట్టించింది విజయరామరాజు, ఊరు విజయనగరం. అయిదు విజయాలు. అందరూ తలలూపుతారు. పక్కకి రెండు వందల నలభై మీటర్ల చొప్పున నాలుగు పక్కలా ఆ రాయి మోసినవాళ్ళు ఆ అయిదింటిలో ఎక్కడున్నారు?

బావ: అయిదు విజయాలూ చెప్తాను, కాదనను. అక్కడితో ఆపేస్తే నీ మాటే ఒప్పు. నేనాపను. 1802కి తీసుకొస్తాను. ఇంగ్లీషువాళ్ళు శాశ్వత శిస్తు ఒప్పందం చేసిన ఏడు అది. అప్పటికి విజయనగరం జమీందారీ కింద 1,157 ఊళ్ళు. కుంఫిణీకి ఏటా కట్టాల్సిన పేష్కష్ 5 లక్షల రూపాయలు. జమీందారు కుంఫిణీకి ఎంత కట్టాలో రాసుకున్నారు, అది ఎప్పటికీ మారదన్నారు. రైతు జమీందారుకి ఎంత కట్టాలో అంత గట్టిగా ఎవరూ రాయలేదు. ఆ రెండింటి మధ్య సందులోనే మీ తాతలాంటివాళ్ళ ఎద్దులు పోయాయి. ఈ మాట తరగతిలో ముప్పై మూడేళ్ళు చెప్పాను. పిల్లలు పరీక్షలో రాసి మర్చిపోయారు. కోట నడవలో నిలబడి చెప్పిన రోజు మాత్రం ఒక పెద్దాయన వెనక నుంచి ముందుకొచ్చి, మా నాన్న కట్టిన శిస్తు రసీదులు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి మాస్టారూ అన్నాడు. తర్వాతిసారి తెచ్చాడు. చిన్న చిన్న కాగితాలు. నలభై మందీ ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చదివారు. చోటు కనపడితేనే కాగితం బయటికొస్తుందోయ్.

ఆ రసీదుల సంగతి అంతవరకూ నాకు తెలీదు. మా ఇంట్లోనూ అలాంటి కాగితాలుండేవేమో. తాత పోయిన ఏడు పాక కప్పు విప్పుతూ పాత కట్టలన్నీ పొయ్యిలో పెట్టేశారని అమ్మ చెప్పేది. కాసేపు మాట్లాడలేకపోయాను. కానీ నా దగ్గర ఇంకో కారణం ఉంది.

నేను: సరే, తీసుకెళ్ళే మనిషి నీలాంటివాడైతే సరే. అందరూ నువ్వు కాదు కదా. నేనొకసారి వెళ్ళిన టూరు చెప్తాను. ఒకే రోజు అరసవల్లి, శ్రీకూర్మం, కళింగపట్నం, శాలిహుండం, శ్రీముఖలింగం. శాలిహుండం కొండ దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. సగం మంది కిందే చెట్ల నీడన చతికిలబడ్డారు. పైకెక్కినవాళ్ళకి పావుగంట. మ్యూజియంలో తార విగ్రహం ముందు ఒకావిడ ఆగి, ఇది ఏ అమ్మవారని అడిగింది. అమ్మవారేనమ్మా, దణ్ణం పెట్టుకుని వచ్చెయ్యి, బస్సు కదుల్తాది అన్నాడు తీసుకెళ్ళినాయన. వంశధార ఒడ్డున ఆ కొండ మీద బౌద్ధుల స్తూపాలున్నాయని 1919లో గుర్తుపట్టింది మన గిడుగు రామమూర్తి పంతులుగారని, ఆయన పుట్టిన పర్వతాలపేట మేం తర్వాత వెళ్ళబోయే శ్రీముఖలింగానికి దగ్గరేనని ఒక్కరు చెప్పలేదు. వ్యవహార భాష కోసం పోరాడిన మనిషి, సవర భాషకి నిఘంటువు రాసిన మనిషి, రాళ్ళు కూడా చదివాడని ఆవిడకి తెలిస్తే ఎంత బాగుండేది! ఇంటికొచ్చాక ఏం చూశారని మా ఆవిడ అడిగితే నాకు గుర్తొచ్చింది నది మీద ఎండ ఒక్కటే.

బావ: అయిదు చోట్లకి వెళ్తే ఏ చోటికీ వెళ్ళనట్టే. అందుకే నేను రోజుకి రెండు, మహా అయితే మూడు. బస్సెక్కేటప్పుడు తలా ఒక చీటీ ఇస్తాను. దాని మీద ఒక్క ప్రశ్న ఉంటుంది. ఈ గదిలోకి వెలుతురు ఎటు నుంచి వస్తోంది? ఈ మెట్లలో ఏ మెట్టు ఎక్కువ అరిగింది? పనివాళ్ళు ఏ దారిన వచ్చేవారు? నీళ్ళెక్కడి నుంచి మోసేవారు? తిరుగుదారిలో అంత్యాక్షరి లేదు, ఒక్కొక్కరూ లేచి తన చీటీకి జవాబు చెప్పాలి. మొదట్లో సిగ్గుపడతారు. తర్వాత ఆపడం కష్టం.

నేను: పనివాళ్ళ దారి ఎవరైనా కనిపెట్టారా?

బావ: ప్రతిసారీ ఆడవాళ్ళే కనిపెడతారు. వంటిల్లు ఎక్కడుంటుందో వాళ్ళకి తెలుసు కదా. మగవాళ్ళు దర్బారు గదిలో ఫొటోలు దిగుతుంటారు.

ఇక్కడ అక్క గడప మీద నుంచి అవునంది.

బావ: ఇంకో మాట. చూడ్డం అంటే వస్తువులు చూడ్డమే అనుకుంటావు నువ్వు. సంగీత కళాశాలకి తీసుకెళ్తే నేనేమీ చూపించను. కూర్చోబెడతాను. పిల్లలు సాధన చేస్తుంటారు, ఒక గదిలో వీణ, ఒక గదిలో మృదంగం. అరగంట వినమంటాను. తర్వాత చెప్తాను. దివాణంలో ఉద్యోగం చేసే చాగంటి జోగారావుగారి పిల్లవాడికి చూపు లేదు, సంగీతమంటే ప్రాణం. ఆ పిల్లవాడికి ఒక దారి చూపించాలన్న మాట దగ్గర మొదలై 1919లో కాలేజీ అయిందని మా ఊళ్ళో చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరదామని వస్తే ఆయన వయొలిన్ విని, నువ్వు నేర్చుకునేదేముంది, నేర్పు అని అధ్యాపకుడిగా పెట్టుకున్నారు. ఘంటసాల ఇక్కడే చదివాడు. సుశీల ఇక్కడే చదివింది. రాజుగారి డబ్బు ఒక్కచోట మంచిగా ఖర్చయింది చూడు, వందేళ్ళయినా మోగుతూనే ఉంది.

నేను: ఘంటసాలకి అన్నం ఎవరు పెట్టారు బావా?

బావ: మధుకరం ఎత్తుకున్నాడు.

నేను: అదే. జోలె పట్టుకుని వీధులంట తిరిగాడు. అన్నం వేసింది ఇళ్ళలో ఆడవాళ్ళు. వాళ్ళ ఇంటాయన జీతం ఎంతో, ఆ పూట వాళ్ళకి మిగిలిందో లేదో. కాలేజీ రాజుగారిది, నిజమే. ఆ గొంతుకి బలమిచ్చిన మెతుకు వీధులది. నీ బస్సు కాలేజీ దగ్గర ఆగుతుంది. ఆ వీధుల్లో ఆగుతుందా?

బావ: ఆ వీధుల్లో బస్సు పట్టదు. నడవాలి.

నేను: నడిపించు. పొద్దున్న నడకకొచ్చేవాళ్ళే కదా అందరూ.

బావ జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు. అలా రాసుకుంటే ఒప్పుకున్నట్టు కాదు. ఆయన పద్ధతి నాకు తెలుసు. నచ్చని మాటని కూడా రాసుకుంటాడు, రెండ్రోజుల తర్వాత దాని మీదికి వస్తాడు.

బావ: నడక మాటెత్తావు కనక అడుగుతున్నాను. గురజాడవారిల్లు చూశావా నువ్వు?

నేను: చిన్నప్పుడు స్కూలు నుంచి తీసుకెళ్ళారు. గోడల మీద ఫొటోలు గుర్తున్నాయి.

బావ: కోట చూపించిన రోజే ఆ ఇల్లు చూపించాలి. విడివిడిగా చూస్తే రెండూ సగం సగమే. ఎందుకో చెప్తా విను. ఆనందగజపతి అప్పటి మన విశాఖ జిల్లాలో కన్యాశుల్కం పెళ్ళిళ్ళెన్ని జరిగాయో జాబితా తీయించాడు. బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళకి దొరికినవే 1,034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44. మూడేళ్ళవాళ్ళు 36. రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ లెక్క గురజాడవారు తన నాటకం ముందుమాటలో పెట్టారు. 1892లో ఈ ఊళ్ళోనే ఆడారు, 1897లో అచ్చయింది. లెక్క తీయించింది కోటలో రాజు. ఆ లెక్క వెనకున్న పిల్లల ఏడుపు విన్నది ఆ చిన్న మేడలో ఉద్యోగి. నువ్వు కోటకి రానంటే ఆ జాబితా ఎలా పుట్టిందో చూడవు. కోట ఒక్కటే చూసి వెళ్ళిపోతే అది ఏమైందో చూడవు.

నేను: ఏడాది పిల్లలు ముగ్గురా?

బావ: ముగ్గురు. ఆ అంకె చెప్పినప్పుడు బస్సులో చప్పుడుండదు.

నాకూ చాలాసేపు మాట రాలేదు. మా బావ మంచి మాస్టారని ఊళ్ళో అందరూ అంటారు. అంకెని ఎక్కడ ఆపాలో తెలియడమే మంచి మాస్టారుతనం అని నాకు ఆ క్షణాన అనిపించింది. అయినా బొబ్బిలి మిగిలే ఉంది. మాది బొబ్బిలి వైపు. అక్కని విజయనగరం ఇస్తున్నామంటే మా మేనత్త, పోయి పోయి విజయనగరమా అని నిట్టూర్చిందట. రెండు వందల ఏళ్ళు దాటినా మా వైపు ఆ నిట్టూర్పు పోలేదు.

నేను: బొబ్బిలిలో ఏం చెప్తావు? పాపారాయుడు, కత్తి, రాజాం నుంచి గుర్రం మీద రావడం. జనం సినిమా చూసిన కళ్ళతోనే వస్తారు, ఆ సినిమానే మళ్ళీ చూసి వెళ్తారు. 1757 జనవరి 24. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు సేనలు కోట చుట్టేశాయి. ఇంక నిలవలేమని తెలిశాక కోట లోపల ఏం జరిగింది? ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకూడదని సొంతవాళ్ళే వాళ్ళ ప్రాణాలు తీశారు, ఇళ్ళకి నిప్పు పెట్టారు. దాన్ని మన కథల్లో పౌరుషం అని పాడుకున్నాం. ఆ ఆడవాళ్ళని ఎవరైనా అడిగారా? బతకాలని ఉందా, చావాలని ఉందా అని? పుట్టింటికి పంపేస్తే ఏమయ్యేదని?

బావ: అడగలేదు.

నేను: బస్సులో నువ్వెప్పుడైనా అడిగావా?

బావ: లేదు. నేనూ అడగలేదు.

ఆయన ఆ మాట అన్న తీరు నాకు నచ్చింది. సాకు వెతకలేదు.

బావ: ఇప్పుడున్న బొబ్బిలి కోట ఆనాటిది కాదని మాత్రం చెప్తాను. ఆనాటిది కాలిపోయింది. యుద్ధం జరిగిన చోట స్తంభం ఉంది, ముందు అక్కడే బస్సు ఆపుతాను. కోటకి తర్వాత. అది రాజవంశంవాళ్ళు ఉంటున్న ఇల్లు, ముందుగా అడిగి వెళ్ళాలి, గట్టిగా మాట్లాడకూడదు. స్తంభం దగ్గర ఇంకో సంగతి చెప్తాను, అది మా విజయనగరంవాళ్ళకి మింగుడుపడదు. పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజుని పొడిచేశాక ఆనందరాజు గద్దెనెక్కాడు. ఫ్రెంచివాళ్ళ మీద నమ్మకం పోయి ఇంగ్లీషువాళ్ళకి కబురంపాడు. కలకత్తా నుంచి రాబర్ట్ క్లైవు కల్నల్ ఫోర్డుని పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. ఉత్తర సర్కారుల తలుపు ఇంగ్లీషువాళ్ళకి అలా తెరుచుకుంది. తీసింది మేమే. ముప్పై ఆరేళ్ళకి, 1794 జులై 10న, పద్మనాభం దగ్గర అదే ఇంగ్లీషు సైన్యం ఆ ఇంటి చిన విజయరామరాజుని చంపింది.

నేను: అయితే నేనింకో కోట సంగతి చెప్తాను. మన దేశంలో లేదు. క్లైవు కొడుకు ఎడ్వర్డు క్లైవు 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. నువ్వు చెప్పిన 1802 శిస్తు ఒప్పందం ఆయన హయాంలోదే. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు సుల్తాను డేరా ఆయన ఇంటికి చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది, వేల్స్‌లో పోవిస్ కోటలో. పువ్వుల అద్దకం వేసిన నూలుబట్ట డేరా. ఆ కోట ఇప్పుడు నేషనల్ ట్రస్టుది. 1895లో పెట్టిన సంస్థ అది. పాత ఇళ్ళూ కోటలూ తోటలూ కాపాడుతుంది. అక్కడి రిటైరైనవాళ్ళు అచ్చం నీలాగే గుంపులుగా బస్సుల్లో వస్తారు, తోటలో తిరుగుతారు, టీ తాగుతారు, టిప్పు డేరా చూస్తారు. 2020 సెప్టెంబరులో ఆ ట్రస్టే ఒక నివేదిక వేసింది. తమ చేతిలో ఉన్న 93 చోట్లకి బానిసల వ్యాపారంతోనో వలస పాలనతోనో సంబంధం ఉందని. దాని మీద పెద్ద గొడవైంది, మా ఆదివారం పాడు చేస్తారా అని కోప్పడ్డవాళ్ళున్నారు. ఈ ఇంటి డబ్బెక్కడిదో అంత వివరంగా ఒక పుస్తకంలో పెట్టడానికి వాళ్ళకి నూట పాతికేళ్ళు పట్టింది బావా. అన్నాళ్ళూ మెచ్చుకోవడమే. మనం కూడా అన్నాళ్ళు ఆగాలా?

బావ: ఆగక్కర్లేదు. కానీ ఆ నివేదిక రాయడానికి వాళ్ళకి ఇళ్ళున్నాయి చూడు. గోడలున్నాయి, కాగితాలున్నాయి, డేరా ఉంది. 2020 అన్నావు. ఆ ఏడు మనకేం జరిగింది? మేలో మా విజయనగరంలో మూడు లాంతర్ల స్తంభం కూల్చేశారు. తెల్లారి లేచి పాలకి వెళ్ళినవాళ్ళు అక్కడ ఇటుకలు చూశారు. నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేసి ఏడ్చాడు. వాడికి రాజుల మీద ప్రేమేం లేదు. వాళ్ళ నాన్న ఆ లాంతర్ల కింద కూరగాయలమ్మి వాణ్ణి చదివించాడు. అప్పుడు గొంతెత్తినవాళ్ళలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఆ రాళ్ళ దగ్గర ఆగి చూసినవాళ్ళే. ఎప్పుడూ చూడనివాడికి పోయిందని కూడా తెలీదు. నీ కోపానికి కూడా గోడ కావాలోయ్. గోడ పోతే మీ తాత చెప్పులు ఎక్కడ విప్పాడో మీ మనవడికి ఏం చూపిస్తావు?

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అందుకే బొబ్బిలికి వస్తానన్నాను, ఒక షరతు మీద. కోటకి ఎంతసేపు ఇస్తే గొల్లపల్లికి అంతసేపు ఇవ్వాలని.

బావ: గొల్లపల్లి ఎప్పుడూ ఉంటుంది. చిన్న వీణలు కొనుక్కుంటారు అందరూ.

నేను: కొనడం కాదు. కొనడానికి పది నిమిషాలు చాలు. పని చూడాలి. పనస దుంగని తొలిచి, కుండా దండీ అతుకు లేకుండా ఒకే చెక్కలో తీస్తారు కదా, ఏకాండి వీణ. సర్వసిద్ధివాళ్ళ చేతుల్లో ఆ ఉలి ఎలా తిరుగుతుందో నలభై మందీ మాట్లాడకుండా కూర్చుని చూడాలి. సంగీత కళాశాలలో నువ్వు కూర్చోబెట్టినట్టు. దివాణం దర్బారులో మోగింది ఆ చేతుల పనే. దర్బారు పోయినా ఆ ఉలి ఆగలేదు. నన్నడిగితే మన రెండు జిల్లాల్లో చూడదగ్గ గొప్ప కళాసంపద ఏ అద్దాల బీరువాలోనూ లేదు, ఆ పంచల కింద చెక్కపొట్టులో ఉంది.

బావ: ఇది నేను కాదనను.

అక్క లేచి విస్తళ్ళు వేసింది. పనసపొట్టు ఆవకూర చేసింది ఆ రోజు. వీణ దుంగ గురించి మాట్లాడుకుంటూ పనసపొట్టు తినడం చూసి తనే నవ్వింది. అన్నాల దగ్గర మందస మాట వచ్చింది. అసలు తగువు అక్కడుంది.

నేను: మందసలో కోట రాశావు, వాసుదేవ పెరుమాళ్ గుడి రాశావు, కోవా రాశావు. గుడారి రాజమణిపురం రాయలేదు.

బావ: అక్కడ కోట లేదు కదోయ్, పాత ఇల్లు లేదు. మనం వెళ్ళేవి ఇళ్ళూ కోటలూ.

నేను: అక్కడ గున్నమ్మ స్తూపం ఉంది. 1940 మార్చి నెలాఖర్లో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. రాహుల్ సాంకృత్యాయన్‌ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. జైల్లో పెట్టడం వల్ల ఆయన రాలేకపోయాడు. మందస ఎస్టేటు అడవిలో కర్ర ఎవరిదన్న తగువు అప్పటికే రగులుతోంది. నాగలికి కర్ర, ఇంటికి వాసం, పొయ్యికి పుల్ల, అన్నిటికీ అడవే. రైతులు వెళ్ళి కర్ర కొట్టారు. పోలీసులొచ్చారు. ఏప్రిల్ 1న పట్టుకున్నవాళ్ళని తీసుకుపోకుండా ఊరు అడ్డం నిలబడింది. కాల్పులు జరిగాయి. ముందు నిలబడ్డ సాసుమాను గున్నమ్మ పడిపోయింది. కడుపుతో ఉంది. ఏ కోటకెళ్ళినా అందరూ తలెత్తి దూలాలు చూసి, ఎంత పెద్ద మానో అంటారు కదా. ఆ మాను ఎవరి అడవిది అన్నదానికే ఆవిడ చచ్చిపోయింది. కోట చూసి, ఆవిణ్ణి చూడకుండా వస్తే మనం మందస వెళ్ళినట్టా?

బావ చాలాసేపు పెరుగన్నం కలుపుతూనే ఉన్నాడు.

బావ: వెళ్దాం. గున్నమ్మ కూడా ఉండాలి. పొరపాటు నాదే. కోట చూసుకుని, గుడి చూసుకుని, సాయంత్రం వచ్చేటప్పుడు అక్కడ ఆగుదాం.

నేను: సాయంత్రం కాదు. ముందు.

బావ: ముందా?

నేను: ముందు స్తూపం, తర్వాత కోట. సాయంత్రమైతే ఏమవుతుందో నాకు తెలుసు. శాలిహుండంలో చూశాను. అలిసిపోయి ఉంటారు. ఒళ్ళో కోవా డబ్బాలు, కళ్ళ మీద నిద్ర. సగం మంది బస్సు దిగరు. కిటికీలోంచి దణ్ణం పెడతారు. మళ్ళీ ఆవిణ్ణి దాటుకుని వెళ్ళిపోయినట్టే.

బావ: అది నిజమే కావచ్చు. నా భయం ఇంకోటి. ఇక్కణ్ణించి అక్కడికి మూడు గంటల పైన ప్రయాణం. దిగీ దిగగానే ఆ చోట నిలబెట్టి ఆ కథ చెప్పావనుకో. మనుషులు కోపంతో, దుఃఖంతో నిండిపోతారు. నిండాలి కూడా. కానీ ఆ తీర్పు చేత్తో పట్టుకుని కోటలోకి అడుగు పెడితే ఇంకేమీ కనపడదు. తలుపు మీద పువ్వు చెక్కిన వడ్రంగి కనపడడు. గచ్చు నున్నగా చేసిన మనిషి కనపడడు. ఆ వడ్రంగి ఎవరు? గున్నమ్మ పక్క ఊరివాడే అయ్యుంటాడు. అతని పనితనాన్ని కూడా జమీందారు ఖాతాలో వేసి ముఖం తిప్పేసుకుంటే అతనికి రెండోసారి అన్యాయం చేసినట్టు కాదా? ముందు ఆ చేతుల్ని చూడనీ. తర్వాత ఆ చేతులవాళ్ళ మీద తుపాకీ ఎందుకు పేల్చారో చెప్పు. అప్పుడు ఇంకా గట్టిగా తగుల్తుంది.

నేను: ముందు ఆవిణ్ణి చూసినవాడే ఆ చేతుల్ని వెతుకుతాడు బావా. లేకపోతే ఫొటోలు దిగుతాడు. నువ్వే అన్నావు.

బావ: ముప్పై మూడేళ్ళు పాఠం చెప్పాను. ముందు ఆసక్తి, తర్వాత బాధ. అది తలకిందులు చేస్తే పిల్లలు చెవులు మూసుకుంటారు.

నేను: వీళ్ళు పిల్లలు కాదు. అరవై దాటినవాళ్ళు. వాళ్ళలో శిస్తు రసీదులు దాచుకున్నవాళ్ళున్నారు.

ఈ ఒక్కచోట ఇద్దరం దిగిరాలేదు. చేతులు కడుక్కున్నాం. అరుగు మీదికి మళ్ళీ వచ్చాం. అక్క వక్కపలుకులు తెచ్చి మధ్యలో పెట్టి, వెళ్ళాక ఆ ఊరివాళ్ళనే అడగొచ్చు కదా, ముందు రమ్మంటారో తర్వాత రమ్మంటారో అంది. ఆవిడ గురించి మనకన్నా వాళ్ళే బాగా చెప్తారు, మీరిద్దరూ కాసేపు ఊరుకోండి అని కూడా అంది. మాకిద్దరికీ అంతసేపూ ఆ ఆలోచనే రాలేదు.

బావ నోటుబుక్కు తీసి మందస అని ఉన్నచోట పెన్సిలుతో గుడారి రాజమణిపురం అని రాశాడు. పైన రాయలేదు, కింద రాయలేదు. పక్కన రాశాడు.

బావ: పెద్ద బస్సు కదా. ఆ ఊళ్ళో తిరగడానికి చోటుంటుందా?

నేను: ఆదివారం పలాస రైలెక్కి వెళ్ళి చూసొస్తాను.

బావ: ఒక్కడివే ఎందుకు? నేనూ వస్తాను.